పాస్‌వర్డ్ ఉన్న ప్రైవేట్ కీ ఫైలును పైథాన్‌తో తెరవడం ఎలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో చిన్న సంస్థల సర్వర్లు చూసిపెట్టే మిత్రులు, ఇంజినీరింగ్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "పాస్‌వర్డ్ సరైనదే, కమాండ్ లైనులో ఫైలు తెరుచుకుంటోంది, ప్రోగ్రాములో మాత్రం లోపం వస్తోంది, ఎందుకు?" ప్రైవేట్ కీ అంటే సంతకానికో లాగిన్‌కో వాడే, యజమాని దగ్గరే రహస్యంగా ఉండవలసిన కీ. రొయ్యల ఎగుమతి సంస్థ బ్యాంకుకు చెల్లింపుల ఫైళ్లు పంపేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని సర్వరులోకి భద్రంగా ప్రవేశించే పద్ధతి) కీ అయినా, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారి వెబ్‌సైటు సర్టిఫికెట్‌తో పాటు అందిన పీఎఫ్‌ఎక్స్ ఫైలు అయినా ప్రశ్న ఇదే. ఇలాంటి సందర్భాల్లో చాలావరకు తప్పు పాస్‌వర్డులో ఉండదు. ఫైలు ఏ రూపంలో ఉందో చూడకుండా చేతికందిన ఫంక్షన్‌ను పిలవడంలోనో, పాస్‌వర్డును ప్రోగ్రాముకు అందించే తీరులోనో ఉంటుంది. కాబట్టి కింది అడుగుల్లో రెండోదానికీ నాలుగోదానికీ ఎక్కువ చోటిచ్చాను. వాటిని దాటవేయకుండా చదవండి.

ఇక్కడ వాడుతున్నది పైథాన్‌లోని "క్రిప్టోగ్రఫీ" అనే లైబ్రరీ. ఫంక్షన్ల పేర్లను తెలుగు లిపిలోనే రాశాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, నేను అండర్‌స్కోర్ పెట్టిన చోటల్లా అండర్‌స్కోర్ పెట్టి రాయండి.

మొదలుపెట్టే ముందు రెండు హెచ్చరికలు

ఈ పద్ధతి మీ సొంత కీకి, లేదా యజమాని స్వయంగా పాస్‌వర్డ్ ఇచ్చి మీకు పని అప్పగించిన కీకి మాత్రమే. లైబ్రరీ పాస్‌వర్డును కనిపెట్టదు. మీరిచ్చిన పాస్‌వర్డుతో తెరవగలిగితే తెరుస్తుంది, లేకపోతే లేదు. డిజిటల్ సంతకానికి వాడే ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకోవడం చందాదారు బాధ్యత అనీ, అది బయటపడితే ఆలస్యం చేయకుండా సర్టిఫికెట్ జారీ చేసిన సంస్థకు తెలియజేయాలనీ సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 42వ సెక్షన్ చెబుతోంది. మీకు కీ ఫైలు ఇచ్చినవారు ఆ బాధ్యతలో కొంత మీ చేతిలో పెడుతున్నారని గుర్తుంచుకోండి.

రెండోది: జీఎస్టీ రిటర్నులకో టెండర్లకో వాడే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటే ఈ వ్యాసం దానికి వర్తించదు. ఆ ప్రైవేట్ కీ టోకెన్ దాటి బయటికి రాదు, సంతకం చేయడం కూడా టోకెన్ లోపలే జరుగుతుంది. టోకెన్ నుంచి మీరు ఎగుమతి చేసుకోగలిగే ఫైలులో ఉండేది సర్టిఫికెట్ మాత్రమే, కీ కాదు. పైగా తప్పు పిన్ను పదేపదే కొడితే టోకెన్ లాక్ అవుతుంది.

కావలసినవి

- పైథాన్ 3 ఉన్న కంప్యూటర్. అది మీదీ, లేదా మీ సంస్థదీ అయి ఉండాలి. ఇంటర్నెట్ కేంద్రంలోని కంప్యూటరులో ఈ పని వద్దు.
- కీ ఫైలు, దాని పాస్‌వర్డ్.
- ఆ కీకి జతగా ఉన్న సర్టిఫికెట్ లేదా పబ్లిక్ కీ. దీన్ని చాలామంది తెచ్చుకోరు, చివరికి తెరిచిన కీ సరైనదో కాదో తేల్చుకోలేక ఆగిపోతారు.
- ఫైలులోని బైట్లను చూపించగల ఎడిటర్. లినక్స్‌లో అయితే ఎక్స్‌ఎక్స్‌డీ కమాండ్ చాలు.

1. అసలు ఫైలును ముట్టుకోకండి

ఒక నకలు తీసుకుని దాని మీదే పని చేయండి. లినక్స్‌లో ఆ నకలుకు 600 అనుమతులు ఇవ్వండి, అంటే యజమాని తప్ప మరెవరూ చదవలేని విధంగా. నకలును గూగుల్ డ్రైవ్‌తో గానీ వన్‌డ్రైవ్‌తో గానీ దానంతటదే సమన్వయమయ్యే ఫోల్డరులో పెట్టకండి.

2. ఫైలు ఏ రూపంలో ఉందో గుర్తించండి

ఫైలు పేరు చివరనున్న పొడిగింపును నమ్మకండి. డాట్ కీ, డాట్ పెమ్ అనే పేర్లు ఏ రూపానికైనా పెట్టవచ్చు. ఫైలును ఎడిటర్లో తెరిచి మొదటి వరుస చదవండి. ఐదు అడ్డగీతల తరువాత ఏమి రాసి ఉందో దాన్నిబట్టి నిర్ణయం తీసుకోవాలి.

"బిగిన్ ఎన్‌క్రిప్టెడ్ ప్రైవేట్ కీ" అని ఉంటే అది పీకేసీఎస్ 8 (ప్రైవేట్ కీలను నిల్వ చేసే ఒక ప్రమాణం) రూపం. పాస్‌వర్డ్ తప్పనిసరి. ఈ రోజుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, తెరవడంలో తక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే.

"బిగిన్ ఆర్‌ఎస్‌ఏ ప్రైవేట్ కీ" అని ఉంటే అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (కీలు, సర్టిఫికెట్లు తయారు చేసే సాధనం) వారి పాత రూపం. ఇందులో పాస్‌వర్డ్ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మొదటి వరుస చూసి చెప్పలేము. రెండో వరుసలో "ప్రాక్ టైప్: 4, ఎన్‌క్రిప్టెడ్" అనీ, మూడో వరుసలో "డెక్ ఇన్ఫో" అనీ ఉండి, దాని పక్కన ఏఈఎస్ 256 సీబీసీ వంటి ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరు, కామా తరువాత అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక పొడవాటి వరుస కనిపిస్తే ఫైలుకు పాస్‌వర్డ్ ఉన్నట్టు. ఆ తరువాత ఒక ఖాళీ వరుస వస్తుంది. అది రూపంలో భాగం, అనవసరమని తీసేయకండి. ఈ పాత రూపం పాస్‌వర్డును ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతితో ఒక్క విడతలోనే కీగా మారుస్తుంది కనుక, ఫైలు ఎవరి చేతికైనా చిక్కితే పాస్‌వర్డ్ ఊహించడం వారికి తేలిక. తెరిచిన తరువాత పీకేసీఎస్ 8 రూపంలోకి మార్చుకోవడం మంచిది.

"బిగిన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ" అని ఉంటే అది ఎస్‌ఎస్‌హెచ్ కీ. 2018లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.8 నుంచి వేరే రూపం ప్రత్యేకంగా అడగకపోతే కొత్తగా తయారయ్యే కీలన్నీ ఈ రూపంలోనే వస్తున్నాయి. పాస్‌వర్డ్ ఉందో లేదో ఇక్కడ కంటికి కనిపించదు.

"బిగిన్ ప్రైవేట్ కీ" అని మాత్రమే ఉంటే ఫైలుకు పాస్‌వర్డ్ లేదు. మీకెవరో పాస్‌వర్డ్ ఇచ్చినా సరే, లేదు. అప్పుడు మీ పని కీని తెరవడం కాదు, దానికి పాస్‌వర్డ్ పెట్టడం. మూడో, ఐదో అడుగుల్లో చెప్పినట్టు పాస్‌వర్డ్ లేకుండానే ఫైలును చదివించి, ఏడో అడుగుకు వెళ్లండి.

మొదటి వరుసే చదవలేని విధంగా గజిబిజి గుర్తులతో ఉంటే అది బైనరీ ఫైలు. డాట్ పీఎఫ్‌ఎక్స్, డాట్ పీ12 అయితే పీకేసీఎస్ 12 రూపం అయి ఉంటుంది. ఇందులో కీ, సర్టిఫికెట్, దాని పై సర్టిఫికెట్లు అన్నీ ఒకే మూటగా ఉంటాయి.

"పుట్టీ యూజర్ కీ ఫైల్" అని మొదలైతే అది పుట్టీ వారి పీపీకే రూపం. ఈ లైబ్రరీ దాన్ని చదవదు. పుట్టీజెన్‌లో తెరిచి, కన్వర్షన్స్ మెనూ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కీగా ఎగుమతి చేసుకుని మళ్లీ ఈ అడుగుకే రండి.

ఇక్కడే జరిగే మరో పొరపాటు ఫైలు పాడవడం. వాట్సాప్‌లో సందేశంగా అతికించి పంపిన కీలో వరుసలు కలిసిపోతాయి, కొన్ని అప్లికేషన్లు అడ్డగీతలను పొడవైన ఒకే గీతగా మార్చేస్తాయి. అది కంటికి దాదాపు ఒకేలా కనిపించినా లైబ్రరీకి మాత్రం మొదటి వరుస కనిపించకుండా పోతుంది. విండోస్ పవర్‌షెల్ 5.1లో పెద్ద బాణం గుర్తుతో ఫైలులోకి మళ్లిస్తే అది యూటీఎఫ్ 16లో రాస్తుంది. బైట్లు చూస్తే మొదట ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌ఈ అని ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో బామ్‌తో (ఫైలు మొదట చేరే, కంటికి కనిపించని ఎన్‌కోడింగ్ గుర్తుతో) సేవ్ చేసిన ఫైలు మొదట ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అనే మూడు బైట్లు ఉంటాయి. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఫైలును బామ్ లేని యూటీఎఫ్ 8లో తిరిగి సేవ్ చేయండి. కీని సందేశంగా కాక ఫైలుగా తెప్పించుకోవడం అన్నిటికంటే మేలు.

3. లైబ్రరీని పెట్టుకోండి

ఈ పనికి వేరే ఫోల్డరు తెరిచి, అందులో పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేసుకుని, పిప్‌తో క్రిప్టోగ్రఫీ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయండి. కొత్త ఉబుంటులో సిస్టమ్ పైథాన్‌లోకి నేరుగా ఇన్‌స్టాల్ చేయబోతే పిప్ అడ్డుకుంటుంది, దాన్ని బలవంతంగా దాటే ఆప్షన్ జోలికి పోకండి. ఎస్‌ఎస్‌హెచ్ కీ అయితే బీక్రిప్ట్ అనే ప్యాకేజీని కూడా పెట్టుకోండి.

4. పాస్‌వర్డును సరిగ్గా అందించండి

లైబ్రరీకి పాస్‌వర్డ్ స్ట్రింగ్‌గా కాదు, బైట్లుగా కావాలి. అందుకని గెట్‌పాస్ మాడ్యూల్‌తో అడిగి తీసుకుని, ఎన్‌కోడ్ ఫంక్షన్‌తో యూటీఎఫ్ 8 బైట్లుగా మార్చి ఇవ్వండి. గెట్‌పాస్ వాడితే టైపు చేసేది తెర మీద కనిపించదు. పాస్‌వర్డును ప్రోగ్రాములోనే రాసేయడం, కమాండ్ లైనులో ఆర్గ్యుమెంటుగా ఇవ్వడం రెండూ తప్పే. మొదటిది కోడ్‌తో పాటు ఊరంతా తిరుగుతుంది, రెండోది షెల్ చరిత్రలో నిలిచిపోతుంది.

పాస్‌వర్డును ఒక ఫైలు నుంచి చదువుతుంటే చివరనున్న కొత్త వరుస గుర్తు కూడా పాస్‌వర్డులో కలిసిపోతుంది. కమాండ్ లైనులో తెరుచుకుని ప్రోగ్రాములో తెరుచుకోకపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇది మొదటిది. ఆర్‌స్ట్రిప్ ఫంక్షన్‌తో చివరి వరుస గుర్తులను మాత్రమే తీసేయండి. ఏమీ చెప్పకుండా స్ట్రిప్ అంటే పాస్‌వర్డులో నిజంగానే ఉన్న ఖాళీలు కూడా పోతాయి.

చేతిరాత చీటీల సంగతి చెప్పాలి. ఒంగోలులో ఒక ఎగుమతి కార్యాలయంలో పాత సాంకేతిక సిబ్బంది వదిలివెళ్లిన పాస్‌వర్డ్ చీటీ బిల్లుల ఫైలుకు పిన్నుతో గుచ్చి ఉంది. నీలం బాల్‌పెన్నుతో రాసిన అందులో నాలుగో గుర్తు ఇంగ్లిష్ చిన్న ఎల్, పెద్ద ఐ, అంకె 1 అనే మూడింటిలో ఏదైనా కావచ్చు. చీటీలో మిగతాచోట్ల అంకెలు ఎలా రాశారో పోల్చి చూసి, 1 పెట్టి ప్రయత్నిస్తే తెరుచుకుంది. యూఎస్‌బీ టోకెన్‌లా కీ ఫైలు లాక్ అయ్యేది కాదు కనుక, ఇలాంటి ఒకటి రెండు అనుమానాలను ఓపికగా సరిచూసుకోవచ్చు. సున్నాను, ఇంగ్లిష్ ఓను కూడా ఇలాగే చూసుకోండి.

తెలుగు అక్షరాలతో పాస్‌వర్డ్ పెట్టుకున్నవారికి ఇంకొంత జాగ్రత్త కావాలి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా నిల్వ చేయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అనే రెండుగానూ నిల్వ చేయవచ్చు. తెర మీద రెండూ ఒకటే, బైట్లు మాత్రం వేరు. అలాగే పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును చేరుస్తాయి. పాస్‌వర్డ్ చివర పొల్లు అక్షరం ఉంటే అది ఉన్నదీ లేనిదీ చూసి చెప్పడం అసాధ్యం. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో పాస్‌వర్డును ఎన్‌ఎఫ్‌సీ (విడి గుర్తులను ఒకటిగా కలిపే) రూపంలోకి మార్చి ఒకసారి, మార్చకుండా ఒకసారి, ఆ కనిపించని గుర్తును తీసి మరోసారి ప్రయత్నించండి. ఎన్‌ఎఫ్‌సీ మార్పు ఆ గుర్తును తీయదు, దాన్ని మీరే విడిగా తీయాలి. కీ తయారు చేసిన కంప్యూటరు, కీబోర్డు దొరికితే అక్కడే టైపు చేయడం ఇంకా సులువు.

5. రూపానికి తగిన ఫంక్షన్‌ను పిలవండి

ఫైలును బైట్లుగా, అంటే ఆర్‌బీ మోడ్‌లో తెరిచి చదవండి. ఆ తరువాత:

- పీకేసీఎస్ 8కూ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాత రూపానికీ లోడ్_పెమ్_ప్రైవేట్_కీ. మొదట డేటా, తరువాత పాస్‌వర్డ్ ఇవ్వాలి.
- పీకేసీఎస్ 8 కీ బైనరీగా (డెర్ రూపంలో) ఉంటే లోడ్_డెర్_ప్రైవేట్_కీ.
- ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రూపానికి లోడ్_ఎస్‌ఎస్‌హెచ్_ప్రైవేట్_కీ.
- పీఎఫ్‌ఎక్స్, పీ12 ఫైళ్లకు పీకేసీఎస్12 మాడ్యూల్‌లోని లోడ్_కీ_అండ్_సర్టిఫికెట్స్. ఇది ఒక్క కీని కాక మూడింటిని తిరిగిస్తుంది: కీ, సర్టిఫికెట్, అదనపు సర్టిఫికెట్ల జాబితా. మూడింటినీ ఒకే చరరాశిలో పట్టుకుని దాన్నే కీ అనుకోకండి.

పాస్‌వర్డ్ లేని ఫైలుకు పాస్‌వర్డ్ స్థానంలో నన్ (పైథాన్‌లో విలువేమీ లేదని చెప్పే పదం) అని ఇవ్వాలి. పాస్‌వర్డుగా ఖాళీ బైట్లు ఇవ్వడం, నన్ ఇవ్వడం ఒకటి కాదు. ఏ పాస్‌వర్డూ పెట్టలేదని చెప్పిన పీఎఫ్‌ఎక్స్ ఫైలు ఒకదానితో తెరుచుకోకపోతే రెండోదానితో ప్రయత్నించండి.

6. తెరుచుకున్నది సరైన కీయేనా?

లోపం రాలేదంటే కీ తెరుచుకున్నట్టే. అయితే అది మీకు కావలసిన కీ అని ఇంకా తేలలేదు. పాత సర్టిఫికెట్ కీ, కొత్త సర్టిఫికెట్ కీ ఒకే ఫోల్డరులో ఒకే పాస్‌వర్డుతో ఉండటం మన దగ్గర సర్వసాధారణం.

ముందుగా కీ రకం ఏమిటో ముద్రించి చూడండి. ఆర్‌ఎస్‌ఏ అయితే కీ_సైజ్ కూడా చూడండి, 2048 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. 1024 కనిపిస్తే అది కొనసాగించదగిన కీ కాదు.

తరువాత కీ నుంచి పబ్లిక్_కీ ఫంక్షన్‌తో పబ్లిక్ భాగాన్ని తీసి, సర్టిఫికెట్ నుంచి కూడా తీసి, రెండింటినీ పబ్లిక్_బైట్స్ ఫంక్షన్‌తో డెర్ ఎన్‌కోడింగ్‌లో, సబ్జెక్ట్ పబ్లిక్ కీ ఇన్ఫో రూపంలో బైట్లుగా మార్చి పోల్చండి. రెండూ అచ్చంగా ఒకటైతేనే ఆ కీ ఆ సర్టిఫికెట్‌కు చెందినది. చాలా పాత పాఠాల్లో పబ్లిక్_నంబర్స్ పోల్చమని ఉంటుంది, అది ఆర్‌ఎస్‌ఏకూ ఎలిప్టిక్ కర్వ్ కీలకూ పని చేస్తుంది గానీ ఈడీ 25519 అనే కొత్త రకం కీలకు పని చేయదు. బైట్ల పోలిక అన్నిటికీ సరిపోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ కీకి సాధారణంగా సర్టిఫికెట్ ఉండదు కనుక, ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ కమాండును చిన్న ఎల్ ఆప్షన్‌తో నడిపి వేలిముద్ర (కీని గుర్తుపట్టే చిన్న వరుస, ఫింగర్‌ప్రింట్) చూసి, అవతలి సర్వరులో నమోదైన పబ్లిక్ కీ వేలిముద్రతో పోల్చండి. బ్యాంకు వైపు నమోదైన కీతో సరిపోలకపోతే మీరెన్నిసార్లు ప్రయత్నించినా లోపలికి రానివ్వదు.

చివరగా ఒక చిన్న సందేశం మీద ప్రైవేట్ కీతో సంతకం చేసి, పబ్లిక్ కీతో వెరిఫై చేయండి. వెరిఫై ఫంక్షన్ సరిపోతే ఏమీ తిరిగివ్వదు, సరిపోకపోతేనే ఇన్‌వాలిడ్ సిగ్నేచర్ అనే లోపం ఇస్తుంది. ఏమీ రాకపోవడాన్ని చూసి విఫలమైందనుకోకండి.

7. తెరిచిన కీని ఏం చేయాలి?

వీలైతే ఏమీ చేయకండి. కీ ప్రోగ్రాము మెమరీలో ఉండగానే పని పూర్తి చేసుకుని ముగించండి. ఫైలుగా రాయవలసివస్తే ప్రైవేట్_బైట్స్ ఫంక్షన్‌కు పెమ్ ఎన్‌కోడింగ్, పీకేసీఎస్ 8 రూపం, బెస్ట్ అవైలబుల్ ఎన్‌క్రిప్షన్‌తో కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి రాయండి. పాత రూపంలోని ఆర్‌ఎస్‌ఏ కీని కొత్త రూపంలోకి మార్చేది కూడా ఇదే అడుగు.

నో ఎన్‌క్రిప్షన్ ఇచ్చి పాస్‌వర్డ్ లేని కీ రాయడం సర్వరు దానంతటదే తిరిగి మొదలవ్వాలన్న అవసరంతోనే చాలామంది చేస్తారు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు వాడేవారికి ఆ అవసరం లేదు. ఎస్‌ఎస్‌ఎల్_పాస్‌వర్డ్_ఫైల్ అనే డైరెక్టివ్‌తో పాస్‌వర్డ్ ఫైలును విడిగా చూపవచ్చు. తప్పనిసరైతే, ముందు ఫైలును 600 అనుమతులతో ఖాళీగా సృష్టించి తరువాత అందులో రాయండి. రాసేసి ఆపై అనుమతులు మారిస్తే, ఆ మధ్య వ్యవధిలో మరొకరు చదవగలరు.

ఆ ఫైలు ఉన్న ఫోల్డరును గిట్‌లో చేర్చకండి. ఒకసారి కమిట్ అయిన కీని తరువాత తొలగించినా చరిత్రలో ఉండిపోతుంది. అలా బయటికి వెళ్లిన కీని దాచే ప్రయత్నం మాని, మార్చివేయండి. ఎస్‌ఎస్‌డీ డిస్కుల మీద ఫైలును చెరిపేసే ష్రెడ్ కమాండ్ కూడా పూర్తి భరోసా ఇవ్వదు కాబట్టి, తాత్కాలిక ఫైలు కావలసివస్తే లినక్స్‌లో మెమరీలోనే ఉండే డెవ్ ఎస్‌హెచ్‌ఎమ్ ఫోల్డరు వాడండి.

లోపాలను చదవడం

టైప్ ఎర్రర్ వచ్చి, పాస్‌వర్డ్ ఇవ్వలేదని గానీ, ఎన్‌క్రిప్ట్ కాని కీకి పాస్‌వర్డ్ ఇచ్చారని గానీ సందేశం ఉంటే, అది పాస్‌వర్డ్ తప్పు కావడం కాదు. ఇవ్వాలా వద్దా అన్నదానిలో పొరపాటు. రెండో అడుగు మళ్లీ చూడండి. టైప్ ఎర్రర్ బైట్ల గురించి మాట్లాడితే ఎన్‌కోడ్ చేయడం మరిచారు.

వాల్యూ ఎర్రర్ వచ్చి పాస్‌వర్డ్ గురించి చెబితే నాలుగో అడుగు చూడండి. వాల్యూ ఎర్రరే వచ్చి డేటా అర్థం కాలేదంటే సాధారణంగా ఫైలు పాడైనట్టు, లేదా తప్పు ఫంక్షన్ పిలిచినట్టు. సీబీసీ పద్ధతిలో తప్పు పాస్‌వర్డ్ కూడా సుమారు 256లో ఒకసారి ప్యాడింగ్ పరీక్ష దాటిపోయి ఈ రెండో సందేశాన్నే చూపించగలదు. ఫైలు బాగానే ఉందని తేలితే పాస్‌వర్డును కూడా అనుమానించండి.

అన్‌సపోర్టెడ్ అల్గారిథమ్ వస్తే బీక్రిప్ట్ లేకపోవడమో, మరీ పాత ఎన్‌క్రిప్షన్ కావడమో కారణం. పాత విండోస్ సర్వర్ల నుంచి తీసిన పీఎఫ్‌ఎక్స్ ఫైళ్లలో ఆర్‌సీ2 40 ఉంటుంది. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 దాన్ని లెగసీ విభాగంలోకి నెట్టింది. కమాండ్ లైనులో లెగసీ ఆప్షన్ జోడించి తెరిచి, కొత్త పద్ధతిలో తిరిగి మూట కట్టుకోవాలి.

పైథాన్ కాకపోతే

పీహెచ్‌పీలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_పీకీ_గెట్_ప్రైవేట్‌కు కీ, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. పీఎఫ్‌ఎక్స్‌కు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_పీకేసీఎస్12_రీడ్ ఉంది. విఫలమైతే ఫాల్స్ మాత్రమే వస్తుంది, కారణం కావాలంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_ఎర్రర్_స్ట్రింగ్‌ను పదేపదే పిలిచి చదవాలి. నోడ్‌లో క్రిప్టో మాడ్యూల్‌లోని క్రియేట్ ప్రైవేట్ కీకి పాస్‌ఫ్రేజ్ ఇవ్వండి. గో భాషలో ప్రామాణిక లైబ్రరీ ఎన్‌క్రిప్ట్ చేసిన పీకేసీఎస్ 8ను చదవదు కాబట్టి అక్కడ వేరే ప్యాకేజీ వెతుక్కోవాలి.

పాస్‌వర్డ్ నిజంగానే పోతే

వెబ్‌సైటు కీ అయితే దాని కోసం రోజులు వృథా చేయకండి. కొత్త కీ తయారు చేసి, కొత్త సర్టిఫికెట్ సంతకపు అభ్యర్థన (సీఎస్‌ఆర్) పంపి సర్టిఫికెట్ తిరిగి తీసుకోవడం పూట పని. ఎలాగూ బహిరంగ సర్టిఫికెట్ల కాలపరిమితి తగ్గుతూ వస్తోంది. 2026 మార్చి 15 నుంచి గరిష్ఠంగా 200 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. ఎస్‌ఎస్‌హెచ్ కీ అయితే కొత్త పబ్లిక్ కీని అవతలివారికి పంపి నమోదు చేయించి, పాతదాన్ని తీసేయమని రాతపూర్వకంగా అడగండి. పాత సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసిన కీ మాత్రం అలా కాదు, పాస్‌వర్డ్ పోతే ఆ సమాచారమూ పోయినట్టే. అలాంటి కీ మీ సంస్థలో ఉంటే, దాని పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసో, ఏ కవరులో ఏ బీరువాలో ఉందో ఈ వారంలోనే కనుక్కుని రాసి పెట్టండి.